తాతయ్య బీటిల్: అమ్మాలా, ఉంచుకోవాలా అని నేను ఎలా తేల్చుకున్నాను

మా తాతయ్య కారు 1969 నాటి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. లేత నీలం రంగు. కంటిచూపు తగ్గి ఆయన డ్రైవింగ్ మానేసినప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. తాళాలు నా చేతికి వచ్చాయి. కాలేజీ మూడో ఏడాదిలో దాన్ని అమ్మేశాను.

ఆ నిర్ణయానికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మొదటి ఏడాదంతా నేను నిర్ణయం తీసుకోలేదు, వాయిదా వేశాను. ఆ వాయిదా వల్లే కారు బాగా దెబ్బతింది. మీరూ ఇప్పుడు అదే చోట నిలబడి ఉంటే ఆ ఏడాది మీకు మిగలాలని ఇది రాస్తున్నాను. అమ్మెయ్యమని చెప్పడానికి కాదు. ఉంచుకోవడానికీ సరైన పద్ధతులు ఉన్నాయి, అవీ చెబుతాను.

పాత కారు అంటే పదేళ్లు వాడిన సెకండ్‌హ్యాండ్ బండి గురించి కాదు నేను మాట్లాడేది. పాత వాహనాల క్లబ్బులన్నిటికీ కలిపి ఫివా అనే అంతర్జాతీయ సమాఖ్య 1966 నుంచి ఉంది. కనీసం 30 ఏళ్లు నిండాలి, అసలు రూపం చెడకూడదు, రోజువారీ రాకపోకలకు వాడకూడదు. అలాంటిదే చారిత్రక వాహనం అని వాళ్ల లెక్క. ఆ మూడో షరతు దగ్గరే కాలేజీలో చదివేవాళ్లకి చిక్కు వస్తుంది. రోజూ తిప్పితే బండి అరిగిపోతుంది, వదిలేస్తే పాడైపోతుంది. ఈ రెంటికీ మధ్యలో నడపాలంటే టైము, చోటు, డబ్బు మూడూ కావాలి. చదువుకునే రోజుల్లో ఆ మూడిట్లో కనీసం ఒకటి తక్కువపడుతుంది.

ముందుగా ఒక నోట్‌బుక్

ఫీజు కట్టాల్సిన వారంలో ఈ విషయం తేల్చుకోవద్దు. మెకానిక్ బిల్లు చేతిలో పెట్టిన రోజూ వద్దు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఇంజన్ హాయిగా పలుకుతున్నప్పుడు కూడా వద్దు. ఆ రోజు ఎవరైనా ఉంచుకుందామనే అంటారు.

నెల రోజులు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కారు గుర్తొచ్చిన ప్రతిసారీ తేదీ వేసి, ఏ విషయంగా గుర్తొచ్చిందో ఒక్క లైను రాయండి. నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: "వాన పడుతోంది, షెడ్డు పైకప్పు కారుతోందేమో." "ఇన్సూరెన్స్ గడువు ఎప్పుడు?" "ఈ నెల కూడా స్టార్ట్ చేయలేదు." "బ్యాటరీ వైరు తీశానా లేదా?" మొత్తం పాతిక దాకా లైన్లు ఉంటే, "దాన్ని తోలాలని ఉంది" అన్నది మూడు చోట్లే కనిపించింది. మిగతాదంతా టెన్షనే. కారుని ప్రేమిస్తున్నానని అనుకుంటూ వచ్చాను కానీ, ఆ ఏడాది నేను నిజంగా చేసింది దాని గురించి బెంగపెట్టుకోవడమే. మీ పుస్తకం వేరేలా ఉండొచ్చు. తోలాలన్న లైన్లే ఎక్కువుంటే ఆ సంగతిని గట్టిగా పట్టించుకోండి.

ఇంకో పని కూడా మొదట్లోనే అయిపోవాలి. రిజిస్ట్రేషన్ కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. తాళాలు చేతిలో ఉన్నంత మాత్రాన కారు మనది కాదు. మాది అప్పటికీ తాతయ్య పేరు మీదే ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది రెండో ఏడాదిలో.

ఖర్చుని నాలుగు కుప్పలు పోయండి

పోయిన 12 నెలల బిల్లులన్నీ ముందు వేసుకుని కూర్చోండి. నేను వాటిని నాలుగు కుప్పలుగా విడదీశాను.

బండి కదిలినా కదలకపోయినా అయ్యేవి మొదటి కుప్ప: ఇన్సూరెన్స్, పన్ను, చోటుకి అద్దె. కదిలితే అయ్యేవి రెండోది: పెట్రోలు, ఆయిలు. బీటిల్ ఇంజన్‌లో పట్టేది రెండున్నర లీటర్ల ఆయిలే. దానికి కాగితం ఫిల్టర్ ఉండదు, అడుగున ఒక జల్లెడ ఉంటుంది, అంతే. అందుకే ఇప్పటి కార్ల కన్నా తొందరగా, 5,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. అంత తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి.

మూడో కుప్పని దాదాపు అందరూ మర్చిపోతారు. అవి కాలం గడిచినందుకే అయ్యే ఖర్చులు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఒకటి ఉంటుంది. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నా రబ్బరు లోపల గట్టిపడుతూనే ఉంటుంది. ఆరేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలి, పదేళ్లు నిండితే ఎంత బాగా కనిపించినా తీసెయ్యాలి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. పెట్రోల్ పైపులు, బ్రేక్ హోజులు, బ్యాటరీ, వీటన్నిటికీ ఆయుష్షు ఉంటుంది. వీటి ధరలు కనుక్కుని, ఎన్నేళ్లు వస్తాయో ఆ అంకెతో భాగించి ఏడాది వాటా రాసుకోండి.

నాలుగోది ఒక్కసారిగా నెత్తిన పడేది. ఫ్లోర్ రేకు తుప్పు పట్టి వెల్డింగ్ చేయించడం, ఇంజన్ విప్పడం లాంటివి. దీన్ని కరెక్టుగా ముందే చెప్పడం ఎవరివల్లా కాదు. కానీ నమ్మకమైన మెకానిక్‌ని పిలిచి, కారుని పైకెత్తించి, "వచ్చే నాలుగేళ్లలో దీనికి ఏ పెద్ద పని పడుతుంది?" అని అడిగితే ఒక అంచనా వస్తుంది. ఇలా చూపించుకోవడానికయ్యే డబ్బు దగ్గర వెనకాడొద్దు. నిర్ణయం మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు ఈ నాలుగూ కలిపి, ఏడాదిలో కారుని ఎన్నిసార్లు బయటికి తీశారో ఆ అంకెతో భాగించండి. నేను తీసింది 11 సార్లు. తిరిగింది 240 కిలోమీటర్లు. ఒక్కో ప్రయాణానికి పడిన ఖర్చు నా నెల హాస్టల్ బిల్లు కన్నా ఎక్కువ తేలింది.

అంత మాత్రాన అమ్మెయ్యాలని కాదు. ఇష్టమైన పనికి డబ్బు ఖర్చవుతుంది, అందులో తప్పేం లేదు. చూసుకోవాల్సింది, దేన్ని మానుకుని ఆ ఖర్చు భరిస్తున్నాం అన్నది. ఆ ఏడాది నా ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది. ఎనిమిది నెలలు దాన్ని ప్లగ్గుకి కట్టేసినట్టే వాడాను. క్లాసులోకి తీసుకెళ్తే గోడ పక్కన చోటు దొరికితేనే పని. కొత్త బ్యాటరీకి డబ్బు లేదనుకుంటూ, అదే నెలలో కారు ఇన్సూరెన్స్ కట్టాను. ఈ రెండూ పక్కపక్కన రాసుకునేదాకా వాటికి సంబంధం ఉందని నాకు తట్టలేదు.

డబ్బుతో పాటు గంటలు కూడా లెక్కేయండి. ఇంజన్ వాల్వుల సందు 0.15 మిల్లీమీటర్లకీ, ఇంజన్‌లో నిప్పురవ్వ సమయానికి పుట్టేలా చేసే డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.4కీ సరిచేయడం తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. రెండు గంటల పనే. కాకపోతే వాల్వులు ఇంజన్ పూర్తిగా చల్లారాకే చూడాలి కాబట్టి రాత్రి ఆపితే తెల్లవారాక మొదలుపెట్టాలి. రెండు రోజుల సెలవుకి ఇంటికెళ్తే ఒకరోజు దానికే పోయేది. నాకది కష్టంగా అనిపించేది కాదు, నిజం చెప్పాలంటే ఆ గంటలే నాకు అన్నిటికన్నా ఇష్టం. పరీక్షలు దగ్గరపడ్డాక మాత్రం ఆ రోజు దొరికేది కాదు.

నిలబెట్టిన కారు నిలవ ఉండదు

ఈ ఒక్క విషయం మొదటి ఏడాదిలో తెలిసుంటే నా కథ వేరేలా ఉండేది. "ఇప్పుడు అమ్మను, ఇప్పుడు తోలను, షెడ్డులో ఉంటుంది, చదువయ్యాక చూద్దాం." ఇది నిర్ణయం కాదని, ఏమీ చేయకపోవడం వల్ల ఏమీ కాదని అనుకున్నాను. అలా వదిలేసి ఎనిమిది నెలల తర్వాత షెడ్డు తలుపు తీశాను.

తలుపు తీయగానే వాసన. పెట్రోలు వాసన కాదు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు ఘాటుగా. స్టార్టర్ మూలిగి ఆగిపోయింది. వేరే బ్యాటరీ పెట్టినా ఇంజన్ అందుకోలేదు. పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే కార్బ్యురేటర్ మూత విప్పి టార్చి వేసి చూస్తే, అందులో పెట్రోలు నిలిచే గిన్నె అడుగున గోధుమరంగు జిగురు పేరుకుని ఉంది, ఎండిన తుమ్మజిగురులాగా. గోటితో గీకితే పెచ్చులుగా వచ్చింది.

జరిగింది ఇది. పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం నెలల్లో ఎగిరిపోతుంది. మిగిలింది గాలి తగిలి జిగురుగా మారుతుంది. కార్బ్యురేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే జెట్‌లోని సన్నటి రంధ్రం మూసుకుపోవడానికి అందులో ఇసుమంత చాలు. పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉంటే ఇంకో బాధ. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతాయి, ఇనప ట్యాంకు అక్కడి నుంచి తుప్పు పడుతుంది. ఇథనాల్ ఊసే లేని రోజుల్లో చేసిన రబ్బరు పైపులు దానికి ఉబ్బి, పగుళ్లిస్తాయి. బీటిల్‌కి ట్యాంకు ముందు, ఇంజన్ వెనక. పెట్రోలు కారు పొడవునా ప్రయాణం చేసి, చివర్న వేడి ఇంజన్ పక్కన రబ్బరు పైపులోంచి కార్బ్యురేటర్‌కి చేరుతుంది. ఆ పైపు పగిలి పెట్రోలు కారితే కారు తగలబడుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ఈ కారు దగ్గరికి రాగానే మొదట వేలితో నొక్కి చూసేది ఆ పైపునే.

వెనక ఎడమ చక్రం పట్టేసింది. బ్రేక్ ఆయిల్ కూడా తేమని పీల్చుకునేదే. ఆ నీటికి చక్రం దగ్గరి సిలిండర్ లోపల తుప్పు పట్టి పిస్టన్ కదలడం మానేసింది. ఆ తర్వాత వెనక సీటు ఎత్తాను. ఈ కారులో బ్యాటరీ సీటు కిందే ఉంటుంది. బ్యాటరీని పైకి తీసి, దాని కింద రేకుని వేలితో తడిమితే పొరలు పొరలుగా చేతిలోకి వచ్చింది. అరచెయ్యంత చోట షెడ్డు నేల కనిపించింది. యాసిడ్ ఆవిరీ తేమా కలిసి ఎన్నేళ్లుగానో తింటున్నాయి, ఎనిమిది నెలల్లో అయినది కాదు. కానీ సీటు ఎత్తి చూసే మనిషి లేకుండా ఎనిమిది నెలలు గడిచాయి.

"వారానికోసారి ఇంట్లోవాళ్లు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచితే చాలు" అని చాలామంది చెబుతారు. నాకూ చెప్పారు. అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్లోనూ ఆయిల్లోనూ నీరై కూర్చుంటుంది. తీస్తే ఇరవై ముప్పై కిలోమీటర్లు తిప్పి తీసుకురావాలి, లేదంటే పద్ధతిగా సిద్ధం చేసి నిద్రపుచ్చాలి.

అందుకే "అమ్మాలా, ఉంచాలా" అని ప్రశ్న వేసుకోకండి. "వచ్చే నాలుగేళ్లు ఈ కారుని ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లకోసారి తోలతారు?" అని వేసుకోండి. పేరు, చోటు, రోజు చెప్పగలిగితే ఉంచుకోవచ్చు. చెప్పలేకపోతే మీరు కారుని ఉంచుకోవడం లేదు, నెమ్మదిగా పోగొట్టుకుంటున్నారు.

మళ్లీ దొరుకుతుందా?

ఇక్కడ కారుని బట్టి జవాబు మారిపోతుంది. బీటిళ్లు మొత్తం 2,15,29,464 తయారయ్యాయి. 1972 ఫిబ్రవరిలోనే ఫోర్డ్ మోడల్ టీ రికార్డుని దాటేశాయి. ఆఖరిది 2003 జూలై 30న మెక్సికోలోని ప్వెబ్లాలో బయటికొచ్చింది. అంటే స్పేర్ పార్టులు దొరుకుతాయి, ఉద్యోగం వచ్చాక కావాలంటే ఇంకో బీటిల్ కూడా దొరుకుతుంది. మీది కొన్ని వందలే తయారైన మోడల్ అయితే లెక్క తిరగబడుతుంది. అమ్మాక మళ్లీ కొనడం దాదాపు అయ్యే పని కాదు. అలాంటిదాన్ని కాపాడుకోవడానికి కొంచెం అప్పు మోసినా నేను తప్పుపట్టను.

అయితే మోడల్ వేరు, మన కారు వేరు. మీకు కావాల్సింది ఏది? నేను కళ్లు మూసుకుని ఆలోచిస్తే గుర్తొచ్చినవన్నీ ఆ ఒక్క కారువే. స్టీరింగ్ మీద తాతయ్య ఎడమచెయ్యి ఆనే చోట నునుపుదేలిన వంపు. ముందు డిక్కీలో స్పేర్ టైరు గాలితోనే అద్దం మీదికి నీళ్లు చిమ్మే ఏర్పాటు. చిన్నప్పుడు ఆ మీట నొక్కే పని నాది, టైరులో గాలి తగ్గిపోయిందని ఆయన కోప్పడటం మామూలు. ఇవి ఇంకో బీటిల్‌లో దొరకవు. దొరకవని ఒప్పుకునే అమ్మాలి. "తర్వాత ఇంకోటి కొనుక్కుంటాలే" అని సర్దిచెప్పుకుని అమ్మితే ఆ తర్వాత చాలా బాధగా ఉంటుంది.

"ఆగు, ధర పెరుగుతుంది" అనేవాళ్లుంటారు. పెరిగేది బాగున్న కార్ల ధర. షెడ్డులో మీ కారు రోజురోజుకీ దిగజారుతుంటే ఆ పెరుగుదల దానికి అంటదు. పెరుగుతుందనుకున్న దాంట్లోంచి ఆ నాలుగు కుప్పల ఖర్చూ తీసేసి చూడండి. ధర కనుక్కునేటప్పుడు కూడా అమ్ముతామని పెట్టిన ధరలు చూడకండి, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. ఆ రెంటికీ చాలా తేడా ఉంటుంది.

ఆ డబ్బు దేనికి?

అమ్మితే వచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే అమ్మొద్దు. నాది ఇది: "ఆఖరి ఏడాది ఫీజు కట్టి, రెండో లోను తీసుకోకుండా ఉండటానికి." ఆ లోను వడ్డీ నేను చదువుతున్నప్పుడే పెరగడం మొదలవుతుంది, ఉద్యోగం వచ్చేదాకా ఆగదు. అదీ లెక్కేశాక నాకు చాలా సందేహాలు తీరాయి. "చేతిలో కాస్త డబ్బుంటే మంచిదని" అమ్మిన కారు డబ్బు ఆరు నెలల్లో ఎటుపోయిందో తెలియకుండా కరిగిపోతుంది. ముందు స్కాలర్‌షిప్, పార్ట్‌టైమ్ పని, ఫీజు వాయిదాల్లో కట్టే వీలు అన్నీ అడిగి చూడండి. ఇవి లేవని తేలాకే కారు జోలికి రండి.

ఒక సెమిస్టర్ అమ్మేసినట్టు ఉండండి

ఇది నాకు బాగా పనికొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో పని చేసి, ఆ డబ్బుతో కారుని మళ్లీ నడిచే స్థితికి తెచ్చాను. తర్వాత సెమిస్టర్ మొదట్లో కింద చెప్పే పద్ధతిలో సిద్ధం చేసి, తాళాలు తాతయ్యకి ఇచ్చేసి, కారు లేదనుకున్నాను. ఫోటోలు చూడలేదు, పార్టుల కోసం వెతకలేదు. కారు మీద పెట్టే డబ్బు ప్రతి నెలా వేరే అకౌంట్‌లో వేశాను.

మొదటి నెల చేతులు ఊరుకోలేదు. రెండో నెలకి బెంగ తగ్గింది, నిద్ర బాగా పట్టింది. మూడో నెలలో ఒక సంగతి తెలిసింది. నేను మిస్ అవుతున్నది తోలడాన్ని కాదు. తాతయ్యా నేనూ కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుని, ఆయన వాల్వుల సందు కొలిచే సన్నటి రేకు, ఫీలర్ గేజ్, చేతికిచ్చి "పట్టీ పట్టనట్టు జారాలి" అని చెప్పే ఆ పొద్దుని. దానికి ఆ కారే ఉండాలని లేదు. ఆ తర్వాత ఇంట్లో పాత కుట్టుమిషన్ విప్పి బాగుచేశాం, ఇద్దరం కలిసే. మీ సెమిస్టర్ చివర్లో తోలాలన్న కోరికే మిగిలితే ఉంచుకునే దారి వెతకండి.

ఇంట్లో చెప్పడం

దీని గురించే నేను అన్నిటికన్నా భయపడ్డాను. ఒక సాయంత్రం ఆయన రేడియో వింటుంటే పక్కన కూర్చున్నాను.

"తాతయ్యా, కారు అమ్మేద్దామనుకుంటున్నాను."

రేడియో ఆపారు. కాసేపు ఏమీ అనలేదు.

"కొనేవాళ్లు తోలతారా దాన్ని?"

"తోలేవాళ్లకే ఇస్తాను."

"అయితే ఇచ్చెయ్యి అమ్మడూ. అలా పడున్నదాన్ని చూడలేక నేను షెడ్డు వైపే పోవడం మానేశాను."

రెండేళ్లు ఆయన కోసమే ఉంచుతున్నానని అనుకున్నాను. ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. కొనేవాళ్లు ఇంటికొచ్చే రోజున కాదు, ఇంకా ఏదీ తేలనప్పుడే పెద్దవాళ్లని అడగండి. అమ్మొద్దని చెప్పే చుట్టాలుంటే వాళ్ల మాట తీసెయ్యకండి, కానీ దానికో గడువు పెట్టండి. మా మావయ్య "బయటివాళ్లకి ఎందుకు, నేను చూసుకుంటా" అన్నారు. "సరే మావయ్యా, ఈ నెలాఖరుకి చోటు చూపించు, ఇన్సూరెన్స్ నీ పేరుకి మార్చుకో" అన్నాను. నెలాఖరుకి ఆయనే ఫోన్ చేసి తన వల్ల కాదన్నారు. ఇద్దరికీ మనసులో ఏమీ మిగల్లేదు.

ఉంచుకునేట్టయితే

ఉంచుకోవడం అనేది ఒక పని, దాన్ని ఎవరో ఒకరు చెయ్యాలి. దగ్గరివాళ్లెవరైనా నెలకోసారి తోలడానికి ఒప్పుకుంటే అదే అన్నిటికన్నా మంచిది. ఎవరు తోలొచ్చు, ఇన్సూరెన్స్‌లో వాళ్ల పేరు ఉందా, రిపేరు వస్తే ఎవరి డబ్బు, మీరు ఎప్పుడు వెనక్కి తీసుకుంటారు, ఇవి కాగితం మీద రాసుకోండి. అయినవాళ్లయితే మరీ రాసుకోండి.

ఎవరూ దొరక్కపోతే నిద్రపుచ్చాలి. పాత ఆయిల్‌లో ఇంజన్ని తినే ఆమ్లాలు చేరి ఉంటాయి కాబట్టి ఆపే ముందే కొత్త ఆయిల్ పోయండి. ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించి, పెట్రోలు పాడవకుండా ఆపే స్టెబిలైజర్ కలిపి, అది కార్బ్యురేటర్ దాకా చేరేలా పది కిలోమీటర్లు తిప్పండి. నిండు ట్యాంకులో గాలికి చోటుండదు, తేమ చేరదు. బ్యాటరీ తీసి, నిండగానే తనంతట తాను తగ్గించుకునే రకం ఛార్జర్‌కి తగిలించండి. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టండి, వీలైతే బండిని స్టాండ్ల మీద ఎత్తండి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదలొద్దు, పట్టేస్తుంది. నేల మీదే ఉంచితే బండి కదలకుండా చక్రాలకి అడ్డంగా చెక్కలు పెట్టండి. సైలెన్సర్ గొట్టానికి గుడ్డ కుక్కండి, ఎలుకలు దూరకుండా. గుడ్డ కుక్కినట్టు చీటీ రాసి స్టీరింగ్‌కి కట్టండి. ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, లోపల చెమ్మ పడుతుంది. గాలి ఆడే గుడ్డ కవరే వెయ్యాలి. నిలిపి ఉంచిన బండికి దొంగతనం, అగ్నిప్రమాదం వరకే వర్తించే పాలసీ దొరుకుతుందేమో అడగండి. పాత కార్లకి ముందే ఒప్పుకున్న విలువ రాసే పాలసీ మేలు. మామూలు పాలసీ ఏళ్లు గడిచేకొద్దీ తరుగు లెక్కేసి, మీ కారు పాత ఇనుమని తేల్చేస్తుంది.

అమ్మేట్టయితే

అమ్మే ముందు రంగు వేయించకండి. కొనేవాళ్లకి కొత్త రంగు కింద ఏం దాచారో అన్న అనుమానం వస్తుంది, పెట్టిన డబ్బు తిరిగి రాదు. వెలిసినా సరే, అసలు రంగుకే విలువ. బ్రేకులు, పెట్రోలు పైపులు మాత్రం బాగుచేయించండి, ఎందుకంటే ఎదుటి మనిషి ప్రాణం వాటి మీద ఉంటుంది. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ కాగితాలతో సరిపోతున్నాయో చూసుకోండి. బీటిల్‌లో మొదటిది వెనక సీటు కింద మధ్య ఉబ్బు మీద, రెండోది డైనమో కూర్చునే దిమ్మె కింద ఉంటాయి. కడగడం, ఫోటోలు తీయడం అందరూ చేసేదే. తుప్పుని కూడా దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టండి. నేను బ్యాటరీ కింది రంధ్రం ఫోటోనే మొదట చూపించాను. అది చూసి కొందరు తప్పుకున్నారు. వచ్చినవాళ్లు మాత్రం మిగతా విషయాల్లో నా మాట నమ్మారు.

కొనేవాళ్లు వచ్చేముందు ఇంజన్ వేడి చేసి పెట్టొద్దు. చల్లగా ఉన్నప్పుడు వాళ్ల ముందే స్టార్ట్ చేయండి. తోలి చూస్తామంటే లైసెన్సు చూసి, ఇన్సూరెన్స్ వాళ్లకి వర్తిస్తుందో లేదో చూసుకుని, పక్క సీట్లో మీరు కూర్చోండి. అడ్వాన్సు తీసుకుంటే ఎంతకి, ఎప్పటిలోపు అని రాసి సంతకాలు పెట్టించండి. డబ్బు మీ అకౌంట్‌లో పడిందని మీరే బ్యాంకులో చూసుకునేదాకా తాళాలు, కాగితాలు ఇవ్వకండి. ఫోన్‌లో చూపించే స్క్రీన్‌షాట్ లెక్కలోకి రాదు. కారు వాళ్ల పేరుకి మారిందని కాగితం వచ్చేదాకా ఇన్సూరెన్స్ రద్దు చేయకండి. ఈలోగా ఏ ప్రమాదం జరిగినా మీ పేరే బయటికొస్తుంది.

నా దగ్గరికి ముగ్గురు వచ్చారు. ఎక్కువ ధర చెప్పినాయన పైకప్పు కోసి ఓపెన్ కారుగా మారుస్తానన్నారు. రెండో ఆయన ఇంకా తగ్గించమన్నారు. మూడో ఆవిడ కింద పడుకుని అరగంట సేపు ఫ్లోర్ రేకు చూసి, లేచి, పెట్రోలు పైపు నొక్కి, "ఆదివారం పొద్దున్నే ఎటైనా తీసుకెళ్తాను, పర్లేదా?" అని అడిగారు. మొదటి ధర కన్నా కాస్త తక్కువకి ఆవిడకే ఇచ్చాను. ఎంత దాకా తగ్గొచ్చో ముందురోజే కాగితం మీద రాసుకుని ఉన్నాను, లేకపోతే ఆ క్షణంలో ఇంకా తగ్గిపోయేదాన్ని. ఫీజుకి కావలసిన మొత్తం దానికన్నా తక్కువే.

బిల్లులన్నీ, తాతయ్య చేతిరాతతో ఉన్న సర్వీసింగ్ పుస్తకం, స్పేర్ పార్టుల డబ్బా కారుతో పాటే ఇచ్చాను. ఒక్క కాగితం అడిగాను: ఎప్పుడైనా అమ్మాలనుకుంటే బయటివాళ్లకన్నా ముందు నాకు చెప్పాలని, నెల రోజులు గడువివ్వాలని. దీన్ని అడగడానికి మొహమాటపడకండి, ఇష్టంగా కొనేవాళ్లు అర్థం చేసుకుంటారు. ఆవిడ అక్కడికక్కడే రాసి సంతకం పెట్టారు. అది నా డిగ్రీ సర్టిఫికెట్ ఉన్న ఫైల్లోనే ఉంది.